ఒక్కరే వెబినార్ నడపాలంటే... మైకు ముందు కూర్చోకముందే చేయాల్సిన పనులు

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, ప్రతి మొహల్లాలోనూ ఒకరిద్దరి ఫోన్లు ఆగకుండా మోగుతాయి. ఇంజనీరింగ్ పూర్తిచేసిన కుర్రాడో, ట్యూషన్ చెప్పే ఆపానో, మీసేవ పనులు తెలిసిన భాయో... ఎవరో ఒకరు అందరికీ దిక్కు. "భాయ్, బీసీ-ఈ సర్టిఫికెట్ పాతది నడుస్తుందా?" "ఆపా, వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టాలి?" ఇవే ప్రశ్నలు, ఇవే జవాబులు. ఒకే మాట నలభై ఇళ్లకు నలభై సార్లు చెప్పాల్సి వస్తుంది. నలభై ఒకటో ఇంటికి ఆ మాట చేరనే చేరదు. ఆ ఇంటి అమ్మాయికి ర్యాంకు ఉన్నా, ఒక్క కాగితం సమయానికి లేక రిజర్వేషన్ కోటాలో రావాల్సిన సీటు చేజారుతుంది.

ఇలాంటి చోట గంటలోపు వెబినార్ ఒకటి పెడితే నలభై ఫోన్లు చేసే పని ఒక్కసారే అయిపోతుంది. వెబ్, సెమినార్ అనే రెండు మాటలు కలిసి పుట్టిన పదం ఇది. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఫోన్‌లో చూసే సభ అన్నమాట. హాలు అద్దె లేదు, కుర్చీల ఖర్చు లేదు. ఇంటి నుంచి కదలలేని తల్లులు కూడా వినొచ్చు, రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తండ్రి కూడా వినొచ్చు. దీనికి పెద్ద సంస్థే ఉండాలని లేదు. ఒక్క మనిషి చాలు. కాకపోతే ఆ ఒక్క మనిషికీ ఉన్నది రెండు చేతులే. మాట్లాడటం, కొత్తవాళ్లను లోపలికి తీసుకోవడం, చాట్ చూడటం, గడియారం చూసుకోవడం అన్నీ ఆ చేతుల మీదే నడవాలి. అందుకే ఒంటరిగా నడిపే వెబినార్‌లో అసలు పని ముందే పూర్తి కావాలి. ఆ రోజుకు మిగిలేది మాట్లాడటం ఒక్కటే కావాలి. అదెలాగో బీసీ-ఈ కుటుంబాలకు కౌన్సెలింగ్ వెబినార్ అనే ఉదాహరణతోనే చూద్దాం.

విషయం ఎంత చిన్నదైతే అంత మంచిది

"ఇంటర్ తర్వాత ఏం చదవాలి?" అని పోస్టర్ వేస్తే ఎంపీసీ వాళ్లు, బైపీసీ వాళ్లు, డిగ్రీ వాళ్లు అందరూ వస్తారు. ఎవరికీ కావాల్సింది పూర్తిగా దొరకదు. ఒక్కరే నడిపే సభకు ఇంత పెద్ద విషయం మోయలేని బరువు. దానికి బదులు "ఎప్‌సెట్ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు బీసీ-ఈ కుటుంబాలు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?" అని పెడితే వచ్చేవాళ్లు తక్కువే కావచ్చు, కానీ వచ్చిన ప్రతి ఇల్లూ ఒక పని తెలుసుకుని వెళ్తుంది.

విషయం సరిపోయిందా లేదా అని చూసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. "ఈ వెబినార్ అయిపోయిన మర్నాడు విన్నవాళ్లు ఏం చేస్తారు?" అని అడిగి చూడాలి. జవాబు ఒక్క వాక్యంలో రావాలి. ఇక్కడైతే "ఫైల్‌లో కాగితాలన్నీ పెట్టుకుని, లేనిదానికి మీసేవలో దరఖాస్తు చేస్తారు" అన్నది జవాబు. ఆంధ్రప్రదేశ్ కుటుంబాలకు అదే పని గ్రామ, వార్డు సచివాలయంలో. ఇలా ఒక వాక్యంలో చెప్పలేకపోతే విషయాన్ని ఇంకా తగ్గించుకోవాల్సిందే.

ముందు ప్రశ్నలు పోగెయ్యాలి

ఉపన్యాసం రాసుకోవడానికి ముందే జనం ఏం అడుగుతున్నారో తెలుసుకోవాలి. పది పదిహేను కుటుంబాలను అడిగితే చాలు, ప్రశ్నలన్నీ ఐదారు రకాల్లోకి వచ్చేస్తాయి. వాటిలో కొన్ని నిర్వాహకుడు ఊహించనివి ఉంటాయి.

ఉదాహరణకు "మేం సయ్యద్‌లం, మాకు బీసీ-ఈ వర్తిస్తుందా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ 14 వర్గాలకు మాత్రమే. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు ఆ జాబితాలో లేవు. అలాంటి కుటుంబాలకు ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండటం వంటి షరతులకు లోబడి ఈడబ్ల్యూఎస్ దారి ఉంది. "ముస్లింలందరికీ 4 శాతం" అని ఒక్క మాట తొందరపడి అంటే, ఒక సయ్యద్ కుటుంబం లేని సర్టిఫికెట్ కోసం తిరుగుతూ, తీసుకోగలిగిన ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌ను వదిలేస్తుంది. ముందే ప్రశ్నలు పోగేస్తే ఇలాంటి మెలికలకు సరైన జవాబు చూసి పెట్టుకునే సమయం దొరుకుతుంది.

జవాబులకు ఆధారం ఆ ఏడాది అధికారిక నోటిఫికేషనే కావాలి. పోయినేడు ఎవరికో జరిగింది, వాట్సాప్‌లో తిరిగే పాత పీడీఎఫ్ లెక్కలోకి రావు. ఆదాయ సర్టిఫికెట్ ఏ తేదీ తర్వాతది కావాలి, స్టడీ సర్టిఫికెట్లు ఏ తరగతి నుంచి కావాలి వంటివి నోటిఫికేషన్‌లో ఉన్నదున్నట్టు చూసి రాసుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కౌన్సెలింగ్‌లు వేర్వేరు కాబట్టి ఏ రాష్ట్రం గురించి చెబుతున్నారో పోస్టర్ మీదే రాయాలి.

సమయం: గడియారం, నమాజ్, గల్ఫ్ సెలవు

ఇషా తర్వాత రాత్రి 9 గంటలంటే హైదరాబాద్, కర్నూలు, గుంటూరు వాళ్లకు బాగానే ఉంటుంది. దుకాణం కట్టేసి వచ్చిన తండ్రులూ ఉంటారు. అయితే మన 9 గంటలకు రియాద్‌లో సాయంత్రం 6.30. జూన్, జూలై నెలల్లో అక్కడ మగ్రిబ్ దాదాపు ఆ వేళకే పడుతుంది. సభ మొదలైన కాసేపటికే సౌదీ నుంచి వింటున్నవాళ్లు లేచి వెళ్లాల్సిందే.

సౌదీ, కువైట్, ఖతార్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. యూఏఈ, ఒమన్ గంటన్నర వెనక. సౌదీలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. యూఏఈలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు. రెండు చోట్లా కలిసొచ్చేది శనివారమే. శనివారం ఉదయం 11.30కి పెడితే రియాద్‌లో 9, దుబాయ్‌లో 10 అవుతుంది. ఇక్కడ జుహర్ జమాత్‌లోపే ముగుస్తుంది, ఇంటి పని ఒక కొలిక్కి వచ్చి తల్లులకూ కాస్త తీరిక దొరుకుతుంది. దుకాణదారులకు, కూలి పనులకు వెళ్లేవాళ్లకు ఆ వేళ కుదరదు. కాబట్టి ఈ సభ ముఖ్యంగా ఎవరికోసమో ముందు తేల్చుకుని సమయం పెట్టాలి. కుదరనివాళ్లకు రికార్డింగ్ ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్‌లో ఇఫ్తార్, తరావీహ్ వేళలు ఎలాగూ కుదరవు.

పోస్టర్ మీద సమయం రాసేటప్పుడు "భారత్ 11.30, సౌదీ 9.00, యూఏఈ 10.00" అని మూడూ రాయాలి. లెక్క జనానికి వదిలేస్తే సగం మంది సభ అయ్యాక వస్తారు.

ఏ యాప్ వాడాలి?

డబ్బు కట్టకుండా వాడదగినవి ప్రధానంగా మూడు. దేని పరిమితి దానికి ఉంది.

గూగుల్ మీట్: ఉచిత అకౌంట్‌లో 100 మంది దాకా చేరొచ్చు. ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 60 నిమిషాలకు ముగుస్తుంది. ఉచిత అకౌంట్‌లో రికార్డింగ్ సదుపాయం ఉండదు.

జూమ్: ఉచిత అకౌంట్‌లో 100 మంది, 40 నిమిషాలు. కంప్యూటర్ నుంచి నడిపితే రికార్డింగ్ ఆ కంప్యూటర్‌లోనే సేవ్ అవుతుంది. ఫోన్ నుంచి నడిపితే ఉచిత అకౌంట్‌లో రికార్డు చేయడం కుదరదు. ఎవరు మాట్లాడాలి, చాట్ ఎవరికి కనపడాలి వంటి అదుపు ఎక్కువగా నిర్వాహకుడి చేతిలో ఉంటుంది.

యూట్యూబ్ లైవ్: 100 మంది హద్దు లేదు, 40 నిమిషాల గడువూ లేదు. చూసేవాళ్ల ముఖం, గొంతు, ఫోన్ నంబర్ ఎవరికీ కనపడవు. కామెంట్ల ద్వారానే ప్రశ్నలు. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే చానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. సభ రోజు పొద్దున్నే చానల్ తెరిచి కూర్చుంటే పని జరగదు.

ప్రశ్నలు, జవాబులు ముఖ్యమైన చిన్న సభకు జూమ్ గానీ మీట్ గానీ సరిపోతుంది. వందమంది దాటతారనిపిస్తే, లేదా స్త్రీలే ఎక్కువగా వస్తారనిపిస్తే యూట్యూబ్ లైవ్ నయం.

పిలుపు ఎలా వెళ్లాలి?

వారం ముందు ఒక పోస్టర్, ముందు రోజు ఒక గుర్తు, సభకు గంట ముందు లింక్. ఇంతకుమించి పంపితే జనం విసుగుతో చూడటం మానేస్తారు. పోస్టర్‌లో తెలుగు, ఉర్దూ రెండు లిపులూ ఉంటే మంచిది. పిల్లలు తెలుగు చదువుతారు, ఇంట్లో పెద్దలు కొందరు ఉర్దూయే చదువుతారు. ఇద్దరూ ఒకే కబురు చదివితేనే ఇంట్లో నిర్ణయం జరుగుతుంది.

గూగుల్ ఫామ్‌లో మూడే అడగాలి: పేరు, ఊరు, ఒక ప్రశ్న. ఆధార్ నంబర్, హాల్‌టికెట్ నంబర్, ర్యాంక్ కార్డు ఫొటో అడగకూడదు. అవి సభకు అవసరం లేదు, బయటపడితే మాత్రం ఆ ఇంటికి తలనొప్పి.

వాట్సాప్ విషయంలో ఒక జాగ్రత్త. గ్రూపులో చేర్చితే ప్రతి సభ్యుడి నంబర్ మిగతా అందరికీ కనపడుతుంది. ఇంటర్ చదివే అమ్మాయి నంబర్‌ను తెలియని వందలమంది ముందు పెట్టినట్టే. అడగకుండా ఎవరినీ గ్రూపులో వేయకూడదు. వాట్సాప్ చానల్ పెడితే అనుసరించేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనపడవు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ కూడా పనికొస్తుంది కానీ, పంపేవాళ్ల నంబర్‌ను సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది.

నాలుగు పనుల్లో మూడు తగ్గించుకోవడం

మాట్లాడుతూ మధ్యలో "ఆగండి, ఎవరో వచ్చారు" అని ఆపితే విన్నవాళ్ల ధ్యాస చెదిరిపోతుంది. దీనికి సెట్టింగులే మందు.

అందరూ మ్యూట్‌లోనే లోపలికి వచ్చేలా ముందే పెట్టాలి. ఎవరంతట వాళ్లు మైకు ఆన్ చేసుకునే వీలు తీసేయాలి. లేకపోతే ఒక ఇంట్లో కుక్కర్ విజిల్, ఇంకో ఇంట్లో పిల్లల గోల అందరికీ వినపడతాయి. స్క్రీన్ షేరింగ్ నిర్వాహకుడికే ఉండాలి. జూమ్‌లో చాట్‌ను "హోస్ట్‌కు మాత్రమే" అని పెట్టొచ్చు. దీంతో రెండు లాభాలు. అందరి ముందు అడగడానికి మొహమాటపడే అమ్మాయి కూడా రాస్తుంది. "గ్యారంటీ సీటు, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని దళారులు చాట్‌లో ప్రకటనలు పెట్టే వీలూ పోతుంది.

గది తెరవగానే వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లందరినీ ఒకేసారి చేర్చుకోవాలి. ప్రసంగం మొదలయ్యాక ఆలస్యంగా వచ్చేవాళ్లను ఎదురుచూసేలా చేయకూడదంటే, పాస్‌వర్డ్ ఉన్న లింక్‌ను నమోదు చేసుకున్నవాళ్లకే పంపి, వెయిటింగ్ రూమ్‌ను ఆపేయొచ్చు.

చాట్ చూడటానికి ప్రసంగంలో రెండు చోట్ల ఆగేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. "ఇప్పుడు రాయండి, పది నిమిషాల తర్వాత అన్నీ కలిపి చెబుతాం" అని మొదట్లోనే చెబితే ఎవరూ తొందరపెట్టరు. మాట్లాడుతూనే చాట్ చదివితే రెండూ చెడతాయి.

రిహార్సల్ లేకుండా వద్దు

ముందు రోజు ఇద్దరు బంధువులతో పది నిమిషాల రిహార్సల్ చేయాలి. ఒకరి దగ్గర పాత ఫోన్, పల్లెటూరి సిగ్నల్ ఉండాలి. ఇంకొకరు గల్ఫ్‌లో ఉంటే మరీ మంచిది. వాళ్లకు అక్షరాలు కనపడుతున్నాయా, గొంతు స్పష్టంగా ఉందా అని అడగాలి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే. ల్యాప్‌టాప్‌లో అందంగా కనిపించే చిన్న అక్షరాల స్లైడ్ వాళ్లకు చీమల బారులా ఉంటుంది. ఒక స్లైడ్‌కు ఐదారు లైన్లు, పెద్ద అక్షరాలు. అంతకంటే వద్దు.

వీడియో అంటే డేటా కూడా. జూమ్ సభ ఒక గంట చూస్తే క్వాలిటీని బట్టి దాదాపు ఒక జీబీ దాకా ఖర్చు కావచ్చు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతికే ఇంటికి అది చిన్న లెక్క కాదు. నిర్వాహకుడు ముఖం చూపించేది మొదట్లోనూ చివర్లోనూ చాలు. మధ్యలో స్లైడ్, గొంతు ఉంటే సరిపోతుంది.

కరెంటు పోతే వైఫై రూటర్ కూడా ఆగిపోతుంది. అందుకే ల్యాప్‌టాప్ పూర్తిగా చార్జ్ చేసి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోవాలి. అదే అకౌంట్‌తో ఫోన్‌లోనూ సభలో చేరి, దాని మైకు, శబ్దం రెండూ ఆపి పక్కన పెట్టుకుంటే రెండు విధాలా మేలు. జనానికి ఏం కనపడుతోందో అందులో చూడొచ్చు, ల్యాప్‌టాప్ ఆగిపోతే ఫోన్‌తోనే కొనసాగించొచ్చు. మైకు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపాలి, తలుపు వేయాలి. పక్క మస్జిద్ నుంచి అజాన్ వినపడే వేళ ముందే తెలుసు కాబట్టి అప్పుడు మాట ఆపి, ప్రశ్నలు చదువుకోవడానికి ఆ విరామాన్ని వాడుకోవచ్చు.

40 నిమిషాల లెక్క

జూమ్ ఉచిత గడువు 40 నిమిషాలే. ఒంటరిగా నడిపేవాళ్లకు నిజానికి అది సరిపోయే కొలత. 36 నిమిషాల్లో ముగించేలా వేసుకుంటే ఊపిరి పీల్చుకునే వీలుంటుంది.

* మొదటి 3 నిమిషాలు: సలాం, ఈ రోజు ఏం చెబుతారు, ఏం చెప్పరు, ప్రశ్నలు ఎలా రాయాలి.
* తర్వాత 10 నిమిషాలు: ఏయే కాగితాలు కావాలి, ఒక్కో కాగితానికి ఒక్కో స్లైడ్.
* 5 నిమిషాలు: మొదటి విడత ప్రశ్నలు.
* 8 నిమిషాలు: లేని కాగితం ఎక్కడ, ఎలా తీసుకోవాలి, జనం ఎక్కువగా ఎక్కడ పొరపడతారు.
* 8 నిమిషాలు: రెండో విడత ప్రశ్నలు.
* చివరి 2 నిమిషాలు: రేపు చేయాల్సిన మూడు పనులు, మళ్లీ ఒకసారి.

ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం మొదలుపెట్టడం ఆపకూడదు. సమయానికి వచ్చినవాళ్లకు అది శిక్ష అవుతుంది. భాష ఇంట్లో మాట్లాడేదే ఉండాలి. కొంత తెలుగు, కొంత ఉర్దూ కలిసినా ఫర్వాలేదు. "సెల్ఫ్ రిపోర్టింగ్", "ఫ్రీజ్" వంటి మాటలు మాత్రం వెబ్‌సైట్‌లో ఎలా ఉంటాయో అలాగే చెప్పి, అర్థం విడమరచాలి. బటన్ మీద కనిపించేది ఆ మాటే కదా.

గోప్యత, భద్రత

లాక్‌డౌన్ రోజుల్లో ఆకతాయిలు జూమ్ సభల్లోకి చొరబడి అల్లరి చేయడం దేశదేశాల్లో సమస్య అయింది. 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోం శాఖ కింది సైబర్ కోఆర్డినేషన్ సెంటర్ కొన్ని జాగ్రత్తలు సూచించింది. ప్రతి సభకూ కొత్త ఐడీ, పాస్‌వర్డ్ పెట్టడం, వెయిటింగ్ రూమ్ వాడటం, స్క్రీన్ షేరింగ్‌ను హోస్ట్‌కే పరిమితం చేయడం, అందరూ వచ్చాక సభను లాక్ చేయడం వాటిలో ఉన్నాయి. ఇవి ఇప్పటికీ పనికొచ్చేవే. లింక్‌ను ఫేస్‌బుక్ గోడ మీద బహిరంగంగా పెట్టకపోవడం అన్నిటికంటే పెద్ద రక్షణ.

ఇంత చేసినా ఎవరైనా చొరబడితే కంగారుపడి ఒక్కొక్కరినీ వెతకక్కర్లేదు. జూమ్‌లో హోస్ట్ టూల్స్‌లో సభ్యుల కార్యకలాపాలన్నీ ఒక్క నొక్కుతో ఆపే బటన్ ఉంది. అది ఎక్కడుందో రిహార్సల్‌లోనే చూసి పెట్టుకోవాలి.

స్త్రీలు, అమ్మాయిలు కెమెరా ఆన్ చేయాలని పట్టుపట్టకూడదు. పూర్తి పేరు పెట్టాల్సిన పనీ లేదు. "నెల్లూరు, ఎంపీసీ" అని పెట్టుకున్నా చాలు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఆ సంగతి చెప్పాలి. స్లైడ్లు, నిర్వాహకుడి గొంతు తప్ప సభ్యుల పేర్లు, ముఖాలు కనపడే భాగం తర్వాత పంచే వీడియోలో ఉండకూడదు. సర్టిఫికెట్ నమూనా చూపించేటప్పుడు ఎవరి అసలు కాగితమూ తెర మీద పెట్టకూడదు. మొత్తం తెర షేర్ చేయకుండా స్లైడ్ల కిటికీ ఒక్కటే షేర్ చేస్తే, మధ్యలో వచ్చే వాట్సాప్ కబుర్లు లోకానికి కనపడవు.

తెలియని ప్రశ్న వస్తే?

తప్పకుండా వస్తుంది. అప్పుడు ఊహించి చెప్పడం కంటే "ఇది చూసి, రేపు సాయంత్రంలోపు రాతపూర్వకంగా చెబుతాం" అనడమే మేలు. వందమంది వింటున్నప్పుడు ఒక తప్పు మాట వంద ఇళ్లకు చేరుతుంది. అక్కడి నుంచి బంధువులకు, మిత్రులకు పోతుంది. కౌన్సెలింగ్‌లో గడువు దాటితే దిద్దుకునే వీలుండదు. అందుకే ప్రతి ముఖ్యమైన మాట దగ్గరా నోటిఫికేషన్‌లో అది ఎక్కడుందో స్లైడ్ మీదే రాస్తే విన్నవాళ్లు స్వయంగా చూసుకుంటారు. సభ తర్వాత ఏదైనా తప్పు దొర్లిందని తేలితే, ఎంత చిన్నదైనా, అదే రోజు అందరికీ సవరణ పంపాలి.

సభ ముగిశాకే అసలు లెక్క

24 గంటల్లోపు మూడు వెళ్లాలి: ఒక పేజీ సారాంశం, రికార్డింగ్ లింక్, మిగిలిపోయిన ప్రశ్నలకు జవాబులు. ఒక పేజీ సారాంశానికి విలువ ఎక్కువ. వీడియో చూసే తీరిక లేని తండ్రి కూడా దాన్ని చదువుతాడు, మీసేవకు వెళ్లే కొడుకు జేబులో పెట్టుకుంటాడు.

వారం తర్వాత ఒకే ఒక ప్రశ్న పంపాలి: "కాగితాలన్నీ సిద్ధమయ్యాయా? ఏది ఆగిపోయింది?" వచ్చిన జవాబులే సభ ఎలా జరిగిందో చెబుతాయి. తొంభైమంది విని పదిమందే పని పూర్తిచేస్తే ఎక్కడో చెప్పడంలో లోపం ఉంది. ఇరవైమందే విని పద్దెనిమిది ఇళ్లు ఫైల్ సిద్ధం చేసుకుంటే అది గెలిచిన సభ. ఆగిపోయిన రెండు ఇళ్లకు మాత్రం ఫోన్ చేసి మాట్లాడాలి. నలభై ఫోన్లు చేయాల్సిన చోట రెండు ఫోన్లతో పని పూర్తవుతుంది.

వచ్చే ఏడాది నోటిఫికేషన్ మారుతుంది, స్లైడ్లలో కొన్ని తేదీలు మారతాయి. కానీ ప్రశ్నల జాబితా, 40 నిమిషాల లెక్క, సెట్టింగుల కాగితం అలాగే పనికొస్తాయి. వాటిని ఒక ఫోల్డర్‌లో దాచి, ఈ ఏడాది సీటు సంపాదించిన పిల్లల్లో ఒకరికి అప్పగిస్తే, వచ్చే వేసవిలో ఆ మొహల్లా ఫోన్ల భారం మళ్లీ ఒక్కరి మీదే పడదు.